పప్పులో ఉప్పు, సర్వర్‌లో రూలు

ఒక శనివారం రాత్రి పదకొండు గంటలకు నేను మూడు పంక్తులు రాసి, ఒకసారి సరిచూసుకుని, హాయిగా పడుకున్నాను. రాసింది కథా కాదు, కవితా కాదు. మా ఊళ్ళో నలుగురు మిత్రులం కలిసి నడుపుకునే చిన్న సాహిత్య పత్రిక ఒకటుంది. దానికో వెబ్‌సైట్ ఉంది. ఆ సైట్ ఉండే సర్వర్ మంచిచెడ్డలు చూసేది నేనే. సైట్ చిరునామా ముందు మూడు డబ్ల్యులు ఉండేవి. చిరునామా పొట్టిగా ఉంటే అందంగా ఉంటుందనిపించింది. ఎవరైనా మూడు డబ్ల్యులతో వస్తే, అవి లేని చిరునామాకు పంపించమని సర్వర్‌కి చెప్పే రూలు రాశాను. రాశాక, సైట్‌లో ఉన్న ఒక ముఖచిత్రం లింకును మూడు డబ్ల్యులు పెట్టి తెరిచి చూశాను. డబ్ల్యులు పోయాయి, బొమ్మ వచ్చింది. దీపం ఆర్పేశాను.

ఆదివారం పొద్దున ఆరున్నరకి ఫోన్. మొదటి సంచిక నుంచీ మా చందాదారు, రిటైరైన చరిత్ర మాస్టారు. "ఏమయ్యా, మీ పత్రిక తెరుస్తుంటే పేజీ రావడం లేదు. చాలాసార్లు దారి మళ్ళించాం అని ఏదో ఇంగ్లీషులో వస్తోంది. ఎవరు మళ్ళించారు? ఎటు మళ్ళించారు?" అన్నారు.

మాస్టారు అడిగింది మామూలు ప్రశ్న కాదు. దాని జవాబే ఇవాళ్టి నా ప్రసంగం.

మనం ఏదైనా ఆఫీసుకి వెళ్ళి ఒక కిటికీ దగ్గర కాగితం ఇచ్చామనుకోండి. అవతల కూర్చున్న గుమాస్తా రెండు పనుల్లో ఒకటి చేయొచ్చు. "ఇది ఇక్కడ కాదండీ, మూడో కిటికీకి వెళ్ళండి" అనొచ్చు. అప్పుడు నడిచేది మనం. లేదా ఆ కాగితాన్ని తానే వెనక గదిలోకి పంపి, పని చేయించి, మన చేతిలో పెట్టొచ్చు. అప్పుడు లోపల ఎన్ని బల్లలు మారిందో మనకు తెలియదు. వెబ్ సర్వర్ కూడా ఈ రెండూ చేస్తుంది. మొదటిదాన్ని రీడైరెక్ట్ అంటారు. నడిచేది మన బ్రౌజర్, పైన కనిపించే చిరునామా మారిపోతుంది. రెండోదాన్ని రీరైట్ అంటారు. సర్వర్ తన లోపలే చిరునామాను తిరగరాసుకుంటుంది, మనకు పైకి ఏమీ కనిపించదు. వాడుకలో ఈ రెంటినీ కలిపేసి మాట్లాడతాం కానీ, చిక్కు వచ్చినప్పుడు ఇది మొదటిదా రెండోదా అని తేల్చుకోనివాడికి మందు దొరకదు.

రీడైరెక్ట్ చేసేటప్పుడు సర్వర్ ఒక అంకె పంపుతుంది. 301 అంటే శాశ్వతంగా మారాం, 302 అంటే ప్రస్తుతానికి అక్కడికి వెళ్ళండి. 307, 308 అని వీటికి తమ్ముళ్ళలాంటివి మరో రెండున్నాయి. అంకె వెంట లొకేషన్ అనే పంక్తిలో కొత్త చిరునామా ఉంటుంది. బ్రౌజర్ ఏమీ అడగదు, అలసిపోదు, విసుక్కోదు. చెప్పిన చోటికి పరుగెత్తుతుంది. అక్కడ కూడా "ఇక్కడ కాదు" అంటే మళ్ళీ పరుగెత్తుతుంది. బ్రౌజర్లూ సర్వర్లూ మాట్లాడుకునే పద్ధతి మీద 1996లో వచ్చిన హెచ్‌టీటీపీ 1.0 పత్రం ఇలాంటి పరుగు ఐదుసార్లు మించకూడదని చెప్పింది. 1999 నాటి పత్రానికి వచ్చేసరికి ఆ ఐదు లెక్క తీసేసి, అంతులేని చుట్లను కనిపెట్టే పని బ్రౌజర్‌కే వదిలేశారు. ఇవాళ క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ 20 మళ్ళింపుల దాకా చూసి చేతులెత్తేస్తాయి. మాస్టారు చూసింది ఆ చేతులెత్తేసిన బ్రౌజర్‌ని.

మరి మా సైట్‌లో జరిగిందేమిటి? మూడు డబ్ల్యులు తీసేయమని నేను సర్వర్‌కి చెప్పాను. కానీ సర్వర్ వెనకాల సైట్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దాని సెట్టింగ్‌లలో మా చిరునామా మూడు డబ్ల్యులతోనే నమోదై ఉంది. ఎవరైనా అవి లేకుండా వస్తే, "మన అసలు పేరు ఇది కాదు" అని డబ్ల్యులు తగిలించి పంపడం దాని అలవాటు. నేను తీస్తున్నాను, అది తగిలిస్తోంది. ఇంట్లో ఒకరు కిటికీ తెరుస్తుంటే మరొకరు మూస్తున్నారు. మధ్యలో మాస్టారి ఫోన్ గానుగెద్దులా తిరిగింది. మరి నేను రాత్రి చూసిన బొమ్మ ఎలా వచ్చింది? బొమ్మలు, శైలి ఫైళ్ళు లాంటివి సర్వర్ నేరుగా ఇచ్చేస్తుంది, వెనకాల సాఫ్ట్‌వేర్ దాకా పోవు. నేను పరీక్షించినది గొడవ లేని దారి.

ఈ ఒక్క అనుభవం తర్వాత నేను ఏ రూలు రాసినా ఒకే ప్రశ్న వేసుకుంటున్నాను. ఈ రూలు ఇచ్చిన ఫలితాన్ని మళ్ళీ ఈ రూలు ముందుకే తెస్తే ఏమవుతుంది?

ఉమ్మడి కుటుంబంలో పప్పు సంగతి మీకు తెలిసిందే. అత్తగారు ఉప్పు వేసి పూజగదిలోకి వెళ్తారు. పెద్దకోడలు వచ్చి, వేశారో లేదో అని ఇంత వేస్తుంది. చిన్నకోడలు కూడా అంతే. వేసిన ఉప్పుదేం తప్పు లేదు. ఎవరూ నాలిక మీద వేసుకుని చూడలేదు, అదీ తప్పు. సర్వర్ రూలు కూడా ముందు రుచి చూడాలి. "డబ్ల్యులు ఉంటేనే తీసెయ్", "భద్రమైన దారిలో రాకపోతేనే అటు పంపు" అని. ఒకసారి నడిచినా, పదిసార్లు నడిచినా ఫలితం ఒకటే అయితే ఆ రూలు మంచిది. రెండోసారి నడిచినప్పుడు ఇంకేదో అయితే, ఇవాళ కాకపోతే రేపు అది మీ మెడకు చుట్టుకుంటుంది.

ఇప్పుడు లోపలి చుట్ల సంగతికి వస్తాను. ఇవి మరీ గమ్మత్తుగా ఉంటాయి.

అపాచీ అనే సర్వర్ పేరు వినే ఉంటారు. 1995 నుంచీ ఉంది. అందులో చిరునామాలు తిరగరాసే విభాగాన్ని మాడ్ రీరైట్ అంటారు. రాల్ఫ్ ఎంగెల్‌షాల్ అనే జర్మన్ ప్రోగ్రామర్ దాన్ని 1996 ఏప్రిల్‌లో రాసి, 1997 జూలైలో అపాచీ బృందానికి కానుకగా ఇచ్చాడు. అమిత శక్తిమంతమైన పనిముట్టు. కత్తిపీట లాంటిది. కూర ఎంత వేగంగా తరుగుతుందో వేలూ అంత వేగంగా తెగుతుంది.

దాని రూళ్ళను చాలామంది, ముఖ్యంగా అద్దె సర్వర్‌ను నలుగురితో పంచుకుని (షేర్డ్ హోస్టింగ్) సైట్లు నడిపేవాళ్ళు, సైట్ ఫోల్డర్‌లోనే డాట్ హెచ్‌టీయాక్సెస్ అనే ఫైల్లో రాస్తారు. ఒక్కో రూలు చివర ఎల్ అనే అక్షరాన్ని జెండాలా పెట్టొచ్చు. లాస్ట్‌కి పొట్టి పేరు. దాన్ని చూసి "ఇక్కడితో సరి, ఇంక ఏమీ చేయకు" అని అర్థం చెప్పుకుంటాం. నేనూ ఏళ్ళ తరబడి అలాగే అనుకున్నాను. కానీ ఆ ఫైల్లో ఎల్ అంటే "ఈ విడతకు ఇదే చివరిది" అని మాత్రమే. చిరునామా మారింది కాబట్టి సర్వర్ దాన్ని కొత్త అభ్యర్థనలా భావించి, లోపల మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెడుతుంది. మళ్ళీ అదే ఫైలు, మళ్ళీ అదే మొదటి రూలు. అపాచీ 2.4తో ఎండ్ అనే మరో జెండా వచ్చింది. నిజంగా అక్కడితో ఆపేది అది. మన పాత రూళ్ళు ఎక్కువభాగం దానికంటే ముందు పుట్టినవి, లేదా అలాంటి వాటిని చూసి రాసుకున్నవి.

ఒక ఉదాహరణ చెప్తాను. సైట్ ఫైళ్ళన్నీ పబ్లిక్ అనే ఫోల్డర్‌లో ఉన్నాయి. వచ్చినవాళ్ళకు ఆ పేరు కనిపించకూడదు. కాబట్టి ఎవరు ఏది అడిగినా దాని ముందు పబ్లిక్ అని చేర్చి లోపల వెతకమని రూలు రాశారు. ఎవరో "కథలు" అడిగారు. సర్వర్ దాన్ని "పబ్లిక్, కథలు" చేసింది. మొదటికొచ్చింది. రూలు "ఏది అడిగినా" అంటోంది కదా, "పబ్లిక్, పబ్లిక్, కథలు" అయింది. ఇలా ఉప్పు మీద ఉప్పు. అపాచీకి లోపలి చుట్ల హద్దు మామూలుగా 10. అది దాటాక చేతులెత్తేసి 500 అనే అంకె చూపిస్తుంది. అంటే సర్వర్ లోపల ఏదో తప్పు జరిగిందని. మందు ఒక్క షరతు. చిరునామా ఇప్పటికే పబ్లిక్‌తో మొదలైతే ముట్టుకోవద్దని.

గమనించారా, ఇక్కడ బ్రౌజర్ "చాలాసార్లు మళ్ళించారు" అని చెప్పదు. దానికి తెలియనే తెలియదు. అది ఒక్కసారే అడిగింది, ఒక్కసారే 500 విన్నది. లోపలి గదుల్లో కాగితం పది బల్లలు తిరిగి చిరిగిపోయిందని కిటికీ ముందు నిలబడ్డవాడికి ఎలా తెలుస్తుంది? అది సర్వర్ లాగ్‌లో ఉంటుంది. అందుకే చుట్టు పడిందనగానే ముందు చూడాల్సింది, తెర మీద ఉన్నది మళ్ళింపుల ఫిర్యాదా, 500 అంకెనా అని. రష్యన్ ప్రోగ్రామర్ ఇగోర్ సిసోయెవ్ రాసి 2004లో బయటపెట్టిన ఎంజిన్ఎక్స్ సర్వర్‌ది కూడా ఈ విషయంలో ఇదే తీరు. హద్దు 10, దాటితే 500. దాంట్లో తరచు జరిగే తప్పు ఒకటుంది. అడిగిన ఫైలు లేకపోతే ఫలానా పేజీ ఇవ్వమని రాస్తారు, ఆ ఫలానా పేజీనే పెట్టడం మర్చిపోతారు. లేనిదాని బదులు లేనిదాన్ని వెతుకుతూ అది తనలో తానే తిరుగుతుంది.

లోపలి చుట్టూ బయటి చుట్టూ కలగలిసిన రకం ఒకటుంది, అది ఘనమైనది. చిరునామా చివర ఇండెక్స్ డాట్ పీహెచ్‌పీ అని కనిపించడం చాలామందికి నచ్చదు. అది ఉంటే తీసేసి ఒట్టి వాలుగీతతో (స్లాష్) ఆగే చిరునామాకు పంపమని రాస్తారు. రూలు రుచి చూస్తోంది కూడా: ఉంటేనే తీసేయమంది. తప్పేముంది? తప్పు ఏమిటంటే, ఒట్టి గీత అడిగినప్పుడు సర్వర్ లోపల వెతికేది ఆ ఇండెక్స్ ఫైలునే. తనకు తాను చెప్పుకున్న ఆ పేరు రూలు కంట పడుతుంది. "ఇదిగో, ఇండెక్స్ ఉంది" అని వచ్చినవాణ్ణి మళ్ళీ బయటికి పంపుతుంది. వాడు మళ్ళీ గీత అడుగుతాడు.

అంటే రుచి చూస్తే చాలదు, ఎవరి కంచంలోది చూస్తున్నామో కూడా తెలియాలి. వచ్చినవాడు నోటితో అడిగిన మాట వేరు, సర్వర్ తనలో తాను అనుకున్న మాట వేరు. అపాచీ ఈ తేడా గుర్తుపెట్టుకుంటుంది. ది రిక్వెస్ట్ అనే పేరుతో ఒక విలువ ఉంది. బ్రౌజర్ పంపిన మొట్టమొదటి పంక్తి అక్షరం పొల్లుపోకుండా అందులో ఉంటుంది, లోపల ఎన్ని మార్పులు జరిగినా అది మారదు. ఆ పంక్తిలో ఇండెక్స్ ఉంటేనే బయటికి పంపమని రాస్తే గొడవ తీరిపోతుంది. నా మటుకు నాకు మాడ్ రీరైట్ మొత్తంలో ఇంతకంటే విలువైన చిట్కా లేదు.

అయితే ఈ మందూ ఒక్కోచోట వికటిస్తుంది. అది మన తెలుగువాళ్ళకు ఎక్కువ తగులుతుంది. చిరునామాలో తెలుగు అక్షరాలు ఉండటం ఇప్పుడు మామూలే. తెలుగు వికీపీడియా వ్యాసాల చిరునామాలు అలాగే ఉంటాయి. కానీ తీగ మీద వెళ్ళేటప్పుడు అవి అలాగే వెళ్ళవు. "తెలుగు" అన్న మాటే తీసుకోండి. మనకు మూడక్షరాలు. కంప్యూటర్ లెక్కలో ఆరు: మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు. ఒక్కోదానికి 3 బైట్ల చొప్పున 18. చిరునామాలో ఒక్కో బైటు ఒక శాతం గుర్తుగా, దాని వెనక రెండు సంకేతాలుగా మారుతుంది. 18 మూడ్లు 54. మూడక్షరాల మాట 54 గుర్తుల మాలై వెళ్తుంది.

ఇక్కడ చిక్కు శాతం గుర్తుకి కూడా ఒక మారుపేరు ఉండటం. అది శాతం 25. ది రిక్వెస్ట్‌లో ఉన్నది అప్పటికే మారిన రూపం. దాన్నుంచి ముక్క తీసి రీడైరెక్ట్‌లో పెడితే, సర్వర్ దాన్ని పచ్చి సరుకనుకుని మళ్ళీ మారుస్తుంది. ప్రతి శాతం గుర్తూ శాతం 25 అయి కూర్చుంటుంది. అక్కడితో ఆగితే పేజీ దొరకలేదన్న 404 వస్తుంది. ఆగకుండా చుట్టు పడితే, మన "తెలుగు"లో 18 శాతం గుర్తులు కాబట్టి ప్రతి చుట్టుకూ 36 గుర్తులు పెరుగుతాయి. దీనికి ఎన్ఈ అనే జెండా ఉంది, ఇంక మార్చవద్దని చెప్పడానికి. మరో రకం పొరపాటు సైట్ ప్రోగ్రాముల్లో కనిపిస్తుంది. ఉండాల్సిన చిరునామాను తెలుగు లిపిలో పెట్టుకుని, వచ్చిన చిరునామాను శాతం గుర్తులతో పెట్టుకుని, రెండూ ఒకటేనా అని పోలుస్తారు. ఎప్పటికీ ఒకటి కావు. ప్రోగ్రాము ఉన్నచోటుకే మళ్ళీ పంపిస్తూనే ఉంటుంది. ఇంగ్లీషు చిరునామాతో పరీక్షిస్తే ఈ తప్పు జన్మలో బయటపడదు. తెలుగు సైట్‌ను తెలుగు లింకుతోనే పరీక్షించాలి. ఇది నేను గట్టిగా చెప్తున్నాను.

ఇంక తాళం గుర్తు గొడవ. హెచ్‌టీటీపీ నుంచి హెచ్‌టీటీపీఎస్‌కి, అంటే తాళం వేసిన భద్రమైన దారికి, పంపే రూలు ఇప్పుడు చాలా సైట్లలో ఉంటుంది. సర్వర్ ముందు మధ్యవర్తి సేవ ఏదైనా ఉంటే ఇది తిరగబడే వీలుంది. అలాంటి సేవే అయిన క్లౌడ్‌ఫ్లేర్‌లో ఫ్లెక్సిబుల్ అనే ఏర్పాటు ఒకటుంది. అందులో పాఠకుడి నుంచి వాళ్ళ దాకా దారి భద్రం, వాళ్ళ నుంచి మన సర్వర్ దాకా మాత్రం మామూలు దారి. మన సర్వర్‌కు కనిపించేది రెండో సగమే. "నువ్వు తాళం లేని దారిలో వచ్చావు, అటు వెళ్ళు" అంటుంది. పాఠకుడు పాపం అటే వచ్చాడు. మళ్ళీ అటే వస్తాడు. మళ్ళీ సర్వర్ అదే మాట. దీనికి మందు రెండో సగానికి కూడా తాళం వేయించడం. అది కుదరనిచోట, పాఠకుడు ఏ దారిలో వచ్చాడో మధ్యవర్తి రాసి పంపే ఎక్స్ ఫార్వర్డెడ్ ప్రోటో అనే చీటీని చదివి రూలు రాయడం. మనం నమ్మిన మధ్యవర్తి రాసిన చీటీయే చదవాలి సుమా. దారినపోయేవాడు కూడా ఆ పేరుతో చీటీ రాయగలడు.

ఎలా కనిపెట్టాలి? కర్ల్ అనే ఆదేశానికి పెద్ద ఐ జోడిస్తే పేజీ తేకుండా పైకవరు మాత్రం తెస్తుంది, అందులో లొకేషన్ పంక్తి ఉంటుంది. అది ఒక్కో అడుగే వేస్తుంది, మీరు చెప్తేనే రెండో అడుగు. లొకేషన్లు నాలుగైదు వరసగా రాసుకుని చూడండి. రెండు చిరునామాలు మార్చి మార్చి వస్తుంటే ఇద్దరు కొట్టుకుంటున్నారు, నాకూ మా సాఫ్ట్‌వేర్‌కీ జరిగినట్టు. చిరునామా చుట్టుచుట్టుకూ పొడుగవుతుంటే ఉప్పు మీద ఉప్పు. ఒకే చిరునామా అచ్చంగా తిరిగి వస్తుంటే ఇండెక్స్ రకమో, తెలుగు లింకు పోలిక రకమో కావచ్చు, లేదా సర్వర్‌కు ఏదో కనిపించడం లేదు. మధ్యవర్తి వెనకాల దారి కనిపించకపోవచ్చు, లేదా కుకీ ఇచ్చి అది తిరిగి రాలేదని మళ్ళీ మళ్ళీ పంపుతూ ఉండొచ్చు. బ్రౌజర్లు ఈ తప్పు చూపించినప్పుడు కుకీలు తుడిచేయమని సలహా ఇచ్చేది ఈ చివరి రకాన్ని దృష్టిలో పెట్టుకునే. మిగతా రకాలకు పాఠకుడు ఎన్ని కుకీలు తుడిచినా లాభం లేదు.

ఆ ఆదివారం నేను చేసింది చిన్న పని. వంటింట్లో ఉప్పు వేసేది ఎవరో ఒక్కరే ఉండాలని తీర్మానించాను. పొట్టి చిరునామా మోజు మానుకుని, సాఫ్ట్‌వేర్‌లో ఉన్నట్టే డబ్ల్యుల చిరునామానే అసలుదిగా ఉంచి, తాళం, డబ్ల్యులు, చివరి గీత, ఈ మూడింటి తీర్పూ సర్వర్ ఫైల్లో ఒక్కచోటికి తెచ్చాను. హోస్టింగ్ వాళ్ళ ప్యానెల్లో మరో మళ్ళింపు బొత్తం ఉంటే దాన్ని ఆపేశాను. తాళం ఉన్నా లేకున్నా, డబ్ల్యులు ఉన్నా లేకున్నా, చివర గీత ఉన్నా లేకున్నా, రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది. ఎనిమిది చిరునామాలు కాగితం మీద రాసి, ఒక్కోదాన్నీ పరీక్షించాను. ఏడూ ఒకే ఒక్క మళ్ళింపుతో ఎనిమిదోదాని దగ్గరికి చేరాలి. ఎనిమిదోది ఎక్కడికీ కదలకూడదు. ఈసారి బొమ్మతో కాదు, తెలుగు శీర్షిక ఉన్న కథతో చూశాను. అన్నీ చేరాయి. మాస్టారికి ఫోన్ చేసి, "ఇప్పుడు చూడండి మాస్టారూ" అన్నాను.

"అదే తంతు" అన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది. రాత్రి నేను పెట్టినది 301. శాశ్వతం అన్న మాట. బ్రౌజర్లు ఆ మాటను నమ్మి దాచుకుంటాయి. తర్వాతిసారి సర్వర్‌ని అడగకుండానే తమలో తామే పరుగెడతాయి. నేను సర్వర్‌లో ఏం దిద్దినా, మాస్టారి ఫోన్ దగ్గర ఉన్నది డబ్ల్యులు తీసేయమన్న శనివారం రాత్రి నాటి నా శాసనం. ముందు 302తో నాలుగు రోజులు నడిపి, అంతా సవ్యంగా ఉందని తేలాక 301 చేసి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు. ఇప్పుడు అలాగే చేస్తున్నాను.

"మాస్టారూ, బ్రౌజర్లో మూడు చుక్కలు నొక్కి, హిస్టరీ క్లియర్ చేయండి. దాచుకున్న ఫైళ్ళు కూడా" అన్నాను.

అటు నుంచి కాసేపు మాట లేదు.

"ముప్ఫయ్యేళ్ళు పిల్లలకు చరిత్ర చెప్పానయ్యా" అన్నారు మాస్టారు. "ఇవాళ నువ్వు దాన్ని చెరిపేయమంటున్నావు. ఎక్కడ నొక్కాలో చెప్పు."